పట్నంలో ఉద్యోగం వచ్చింది: వెళ్లాలా వద్దా, తేల్చుకునే పద్ధతి

గోదావరి డెల్టాలో హైదరాబాదులోనో బెంగళూరులోనో దగ్గరి చుట్టం ఒకరైనా లేని కుటుంబం అరుదు. అందువల్ల ఆఫర్ లెటర్ వచ్చిన రోజునే సలహాలు కూడా వచ్చిపడతాయి. వెళ్లి కుదురుకున్నవారు వచ్చేయమంటారు, వెళ్లి తిరిగివచ్చినవారు వద్దంటారు, ఎన్నడూ వెళ్లనివారు రెండూ చెబుతారు. వీరిలో ఎవరికీ మీ ఇంటి లెక్క తెలియదు. భీమవరం, తణుకు, పాలకొల్లు, అమలాపురం, రాజోలు, మండపేట వంటి చోట్ల ఇప్పటికే ఏదో ఒక ఉద్యోగం చేస్తూనో, పొలమో చెరువో చూసుకుంటూనో ఉండి, ఇప్పుడు నగరం నుంచి పిలుపు అందుకున్నవారిని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. జీతం ఎంత పెరుగుతుందన్న అంకె మీద ఈ నిర్ణయం తీసుకోకూడదు. నెలాఖరుకు చేతిలో ఎంత మిగులుతుంది, ఇక్కడ మీరు జీతం లేకుండా చేస్తున్న పనులు రేపటి నుంచి ఎవరు చేస్తారు అన్న రెండు ప్రశ్నలకు కాగితం మీద జవాబు రాసుకోవాలి. రెండో ప్రశ్నను చాలామంది అసలు వేసుకోరు.

ఆఫర్ లెటర్‌లో అంకె, చేతికొచ్చే అంకె

ఏడాదికి 6 లక్షల ప్యాకేజీ అంటే నెలకు 50 వేలు అని ఇంట్లో చెప్పేస్తాం. ఆ 6 లక్షల్లో కంపెనీ తన వాటాగా కట్టే ప్రావిడెంట్ ఫండ్, గ్రాట్యుటీ, ఏడాది చివర పనితీరును బట్టి ఇచ్చే మొత్తం కూడా కలిసి ఉంటాయి. ఉదాహరణకు బేసిక్ (మూల వేతనం) 25 వేలు, ప్యాకేజీలో పదో వంతు పనితీరు మీద ఆధారపడే మొత్తం అనుకుందాం. ఆ పదో వంతు నెలకు 5 వేలు. గ్రాట్యుటీ కింద బేసిక్‌లో 4.81 శాతం, అంటే సుమారు 1,200 రూపాయలు పక్కకు పోతాయి. అది కూడా శాశ్వత ఉద్యోగికి సాధారణంగా ఐదేళ్లు నిండితే గానీ చేతికి రాదు. పీఎఫ్‌ను కంపెనీ 15 వేల పరిమితి మీద కడితే దాని వాటా 1,800, మీ వాటా 1,800. పూర్తి బేసిక్ మీద కడితే ఇద్దరిదీ చెరో 3,000. తెలంగాణలో వృత్తి పన్ను నెలకు 200. ఇవన్నీ తీసేస్తే బ్యాంకులో పడేది 37,600 నుంచి 40,000 మధ్య ఉంటుంది. ఆదాయపు పన్ను గురించి ఈ స్థాయిలో దిగులు అక్కర్లేదు. 2025-26 నుంచి కొత్త విధానంలో జీతగాళ్లకు స్టాండర్డ్ డిడక్షన్‌తో కలిపి 12.75 లక్షల దాకా పన్ను పడదు.

కాబట్టి కంపెనీ వారిని మొదట అడగవలసింది నెలవారీ జీతపు విభజన పట్టిక. అది ఇవ్వడానికి సంకోచించే సంస్థ విషయంలో తొందరపడకండి. దానితోపాటు ఆరోగ్య బీమా ఎవరెవరికి వర్తిస్తుందో కూడా అడగండి, ఎందుకంటే ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇప్పుడు మీ జీతం 21 వేల లోపు ఉండి ఈఎస్ఐలో (ఉద్యోగుల ప్రభుత్వ బీమా పథకంలో) ఉంటే, మీ మీద ఆధారపడిన తల్లిదండ్రులకు కూడా వైద్యం దొరుకుతోంది. కొత్త జీతంతో ఆ పరిమితి దాటితే అది పోతుంది. కొత్త కంపెనీ ఇచ్చే బీమా మీకూ మీ భార్యాపిల్లలకే పరిమితమైతే, అరవై దాటిన తల్లిదండ్రులకు విడిగా తీసుకునే పాలసీ ప్రీమియం మీ కొత్త ఖర్చుల్లో మొదటి వరుసలో చేరుతుంది.

ఇక్కడి జీతానికి కలపవలసినవి

ఇప్పుడు ఇదే పని ఊరి జీతానికి చేయాలి, కాకపోతే తలకిందులుగా. అక్కడ అంకెలోంచి తీసేశాం, ఇక్కడ అంకెకు కలపాలి. అమలాపురం దగ్గర ఒక కళాశాలలో నెలకు 22 వేలకు పనిచేస్తున్న వ్యక్తి సొంత ఇంట్లో ఉంటాడు. బియ్యం సొంత ధాన్యం ఆడించినవి, కొబ్బరికాయ పెరట్లోది, పాలు ఇంటి గేదెవి. కొడుకు బడి నుంచి వచ్చేసరికి నాయనమ్మ ఇంట్లో ఉంటుంది. వీటిలో దేనికీ బిల్లు రాదు కనుక ఎవరూ ఆదాయమని అనుకోరు. నగరంలో వీటన్నింటికీ బిల్లు వస్తుంది.

మాదిరికి రెండు లెక్కలు వేసి చూద్దాం. అంకెలు మీవి మీరు మార్చుకోండి. పెళ్లికాని యువకుడు హైదరాబాదులో హాస్టల్‌కు 8,000, రాకపోకలకు 2,500, బయటి తిండికీ చిల్లర ఖర్చులకూ 4,000, ఫోనుకూ బట్టలకూ 1,500, ఊరికి వచ్చిపోవడానికి నెలకు 2,500 చొప్పున పెడితే మొత్తం 18,500. చేతికి 38 వేలు వస్తే 19,500 మిగులుతుంది. అతడే ఊళ్లో 22 వేల జీతంలో పెట్రోలుకు 2,500, ఇంటికి 5,000 ఇచ్చుకుంటే 14,500 మిగులుతుంది. ప్యాకేజీ చూస్తే జీతం రెట్టింపు పైన కనబడింది, మిగులులో తేడా 5 వేలు. ఆ 5 వేల కోసమే వెళ్లడం దండగ. నాలుగేళ్లలో ఆ ఉద్యోగం మరో మెట్టు ఎక్కిస్తుందనుకుంటే మాత్రం తప్పకుండా వెళ్లవచ్చు, అప్పుడు ఆ 5 వేలు లెక్కలోకే రావు.

భార్య, బడికి వెళ్లే పిల్లవాడు ఉన్న ఇంటికి అదే 38 వేలు వేరుగా కనిపిస్తాయి. అద్దె 16,000, అపార్ట్‌మెంటు మెయింటెనెన్సు 2,000, కరెంటు గ్యాసు 2,000, సరుకులు కూరగాయలు పాలు 10,000, రాకపోకలు 3,500, ఊరి ప్రయాణాలు 3,000 కలిపితే 36,500 అవుతుంది. బడి ఫీజు ఇంకా రాయలేదు. ఈ జీతానికి కుటుంబంతో కదలాలంటే భార్యకు కూడా అక్కడ సంపాదన ఉండాలి, లేదా మొదటి ఏడాది ఆమె, పిల్లలు ఊళ్లోనే ఉండాలి. రెండూ కాదనుకుంటే జీతం గురించి మళ్లీ ఒకసారి కంపెనీతో మాట్లాడటమే మార్గం.

మీరు లేకపోతే ఆగిపోయే పనులు

ఒక సాయంత్రం కూర్చుని, గత ఏడాదిలో ఇంటి కోసం, పొలం కోసం, పెద్దల కోసం మీరు స్వయంగా వెళ్లి చేసిన పనులన్నీ రాయండి. ఒక్కో పని పక్కన రేపు దాన్ని చేయబోయే మనిషి పేరు రాయండి. "ఎవరో ఒకరు చూస్తారు" అని రాయకూడదు. పేరు రాయలేని పనులు ఎన్ని మిగిలాయో చూస్తే మీ కాలు ఇక్కడ ఎంత లోతుగా దిగి ఉందో తెలుస్తుంది.

వరి పొలమైతే పరిష్కారం సులువు. ఎకరాల కొద్దీ పొలం ఇప్పటికే కౌలు మీదే సాగుతున్న ప్రాంతం మనది. కాకపోతే నోటిమాట మీద ఇచ్చే అలవాటు మానుకోండి. మీరు ఊళ్లో ఉన్నంతకాలం నోటిమాట చెల్లుతుంది. సార్వా (ఖరీఫ్) పంట తుపానుకు పడిపోయిన ఏడాది, మీరు హైదరాబాదులో ఉండగా, కౌలు ఎన్ని బస్తాలన్న విషయంలో ఇద్దరి జ్ఞాపకాలూ రెండు రకాలుగా ఉంటాయి. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద 11 నెలలకు ఒప్పందం రాసుకుంటే కౌలుదారుకు కార్డు వస్తుంది, పంట రుణానికీ నష్టపరిహారానికీ అతడికి పనికొస్తుంది, మీ యాజమాన్య హక్కుకు దానివల్ల భంగం లేదు. మన దగ్గర భూమి ఉన్న రైతులు ఈ కాగితానికి భయపడినంతగా బ్యాంకు కాగితాలకు కూడా భయపడరు. ఆ భయం అనవసరమని నా ఉద్దేశం.

కొబ్బరి తోట కొంచెం తిప్పలు పెడుతుంది. నెలన్నర, రెండు నెలలకోసారి దింపు తీయించాలి, దింపు కార్మికుడు దొరకాలి, కాయ లెక్క పెట్టేటప్పుడు మనిషి పక్కన ఉండాలి, అంబాజీపేట కొబ్బరి మార్కెట్ ధర తెలుసుకుని వర్తకుడితో మాట్లాడాలి. తండ్రికి ఓపిక ఉన్నంతకాలం ఇది నడుస్తుంది. ఆ తరువాత తోట మొత్తం మక్తాకు (గుత్త కౌలుకు) ఇవ్వడమే మేలు. వచ్చేది తగ్గినా నెలనెలా ఫోనులో తగువు ఉండదు.

రొయ్యల చెరువు మాత్రం వేరే సంగతి. వనామి రకం రొయ్య పంట నాలుగు నెలల లోపు చేతికి వస్తుంది గానీ ఆ నాలుగు నెలల్లో ప్రతి రాత్రీ ఎవరో ఒకరు మేలుకుని ఉండాలి. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ పడిపోయి రొయ్య పైకి తేలడం మొదలుపెడితే, కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే, జనరేటర్ వేయడానికి ఉండే సమయం చాలా తక్కువ. మేత బస్తాలు ఎన్ని వచ్చాయి, మేత తిన్నదీ లేనిదీ చూసే చెక్ ట్రేలో ఎంత మిగిలింది అన్నది చెరువు గట్టు మీద ఉన్నవాడికే తెలుస్తుంది. జీతగాడి మీద వదిలి హైదరాబాదు నుంచి కెమెరాలో చూసుకుంటామనే ఆలోచన అప్పుకు దారి. వెళ్లాలనుకుంటే చెరువు లీజుకు ఇచ్చేసి వెళ్లండి. ఇవ్వడం ఇష్టం లేకపోతే ఉద్యోగం గురించి ఇంకోసారి ఆలోచించండి. రెండింటిలో చెరో కాలు పెట్టడం మాత్రం వద్దు.

ఇక పెద్దవాళ్లు. తండ్రికి షుగరు, తల్లికి మోకాళ్ల నొప్పులు ఉండటం మామూలే, ఫోనులో మందులు తెప్పించవచ్చు. కానీ క్రమం తప్పకుండా రాజమండ్రిలోనో కాకినాడలోనో డయాలసిస్‌కు, లేదా కీమోథెరపీకి తీసుకువెళ్లే మనిషి మీరొక్కరే అయితే, ఆ ఒక్క వాక్యం పైన వేసిన లెక్కలన్నింటినీ కొట్టేస్తుంది. గోదావరి పాయల మధ్య లంక గ్రామాల్లో ఉన్నవారు వరదల నెలలను కూడా చూసుకోవాలి. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర వరద 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారు. రెండో హెచ్చరిక నాటికి పశువులనూ సామానునూ గట్టుకు చేర్చవలసిన ఇళ్లు ఏవో ఆ ఊళ్లలో అందరికీ తెలుసు. మీ ఇల్లు వాటిలో ఒకటైతే, జూలై, ఆగస్టుల్లో రెండు మూడు రోజులు అప్పటికప్పుడు సెలవు దొరికే ఉద్యోగమా కాదా అన్నది అడిగి తెలుసుకోండి.

ఇంకొక చిన్న విషయం పెద్ద గొడవ అవుతుంది. మీ పేరు తల్లిదండ్రుల బియ్యం కార్డులోనే ఉంటే, మీ కొత్త జీతం ఆ కుటుంబం జీతంగా లెక్కకు వస్తుంది. కుటుంబంలో ఒకరు ఆదాయపు పన్ను కట్టేవారైనా, ఆదాయం పరిమితి దాటినా కార్డుకూ దానితో ముడిపడిన పథకాలకూ అర్హత పోతుంది. పెళ్లై వేరుగా ఉంటున్నవారు ఉద్యోగంలో చేరకముందే గ్రామ సచివాలయానికి వెళ్లి, కార్డు విభజన తమకు వర్తిస్తుందో లేదో కనుక్కోవడం మంచిది.

పిల్లల చదువు, స్థానికత

చిన్న తరగతుల పిల్లలకు ఊరు మారడం పెద్ద సమస్య కాదు. ఎనిమిదో తరగతి దాటినవారి విషయంలో ఆగి చూడాలి. రాష్ట్ర విభజన చట్టం ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల కళాశాలల్లో పదేళ్ల పాటు సాగిన ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్ 2తో ముగిసింది. తెలంగాణలో వైద్య విద్యకు స్థానిక కోటా కావాలంటే ఇంటర్మీడియట్‌తో కలిపి వరుసగా నాలుగేళ్లు అక్కడే చదివి ఉండాలన్న నిబంధనను 2025లో సుప్రీంకోర్టు సమర్థించింది. తొమ్మిదో తరగతిలో చేర్చిన పిల్లవాడు ఆ లెక్కకు అందుతాడు, పదో తరగతిలో చేర్చినవాడు అందడు. కాబట్టి పిల్లలు ఆ వయసులో ఉన్న ఇంట్లో మకాం మార్పు తేదీని మీ జాయినింగ్ తేదీని బట్టి కాక, బడి సంవత్సరాన్ని బట్టి నిర్ణయించండి. పదో తరగతిలో ఉన్న అమ్మాయిని డిసెంబరులో బడి మార్పించి తీసుకువెళ్లిన ఇళ్లను చూశాను. ఆరు నెలలు ఆగితే పోయేదేమీ లేదు.

ఏ నగరం, ఆ నగరంలో ఎక్కడ

హైదరాబాదులో మనవాళ్లు కూకట్‌పల్లి, నిజాంపేట, ప్రగతినగర్, మియాపూర్ వైపు ఎక్కువ. ఊరి బస్సులు అక్కడ ఆగుతాయి, చుట్టాలుంటారు. అయితే ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో అయితే మెట్రో అక్కడిదాకా పోదు, రాయదుర్గంతో ఆగిపోతుంది. పైగా మియాపూర్ నుంచి రాయదుర్గం వెళ్లాలంటే అమీర్‌పేటలో దిగి మరో లైను ఎక్కాలి, అంటే ముందు ఊళ్లోకి వెళ్లి మళ్లీ వెనక్కి రావాలి. అద్దెలో 4 వేలు ఆదా చేసి రోజుకు మూడు గంటలు రోడ్డు మీద పోగొట్టుకోవడం తెలివైన బేరం కాదు. ఇల్లు చూడటానికి ఆదివారం వెళ్లకండి. సోమవారమో మంగళవారమో ఉదయం తొమ్మిదింటికి ఆ ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు గేటు దాకా ఒకసారి స్వయంగా ప్రయాణం చేసి, ఆ తరువాత అడ్వాన్సు ఇవ్వండి.

బెంగళూరు అయితే అడ్వాన్సే మొదటి అడ్డంకి. పది నెలల అద్దె దాకా అడిగే అలవాటు అక్కడ ఎప్పటినుంచో ఉంది. ఇప్పుడు చాలామంది తక్కువకు ఒప్పుకుంటున్నా, బేరమాడకపోతే పాత లెక్కే చెబుతారు. ఒప్పందం ఎక్కడైనా 11 నెలలకే రాస్తారు. అడ్వాన్సులో రంగులకు ఎంత పట్టుకుంటారు, ఖాళీ చేసే ముందు ఎన్ని నెలల నోటీసు ఇవ్వాలి అన్న రెండు వాక్యాలు అందులో ఉన్నాయో లేదో చదివి సంతకం పెట్టండి.

ఊరికి వచ్చిపోయే దారి కూడా నగరం ఎంపికలో భాగమే. నరసాపురం, పాలకొల్లు, భీమవరం వారికి నరసాపూర్ ఎక్స్‌ప్రెస్, కాకినాడ, రాజమండ్రి వైపువారికి గౌతమి, బెంగళూరుకు కాకినాడ నుంచి శేషాద్రి ఉన్నాయి. అమలాపురానికి ఇప్పటికీ రైలు లేదు. కోటిపల్లి–నరసాపురం లైను పూర్తయ్యేదాకా కోనసీమవారు రావులపాలెం మీదుగా బస్సో, రాజమండ్రి దాకా వెళ్లి రైలో ఎక్కాలి. రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు కనుక జనవరి 12 ప్రయాణానికి నవంబరు 13 ఉదయం ఎనిమిదింటికి కూర్చోవాలి. ఆ రోజు తప్పిపోతే సంక్రాంతికి ప్రైవేటు బస్సువాడు చెప్పిన రేటే రేటు. పండక్కి ఇల్లు చేరడం మన దగ్గర విలాసమేమీ కాదు, ఆ టికెట్ల ఖర్చును నెలవారీ లెక్కలో రాసుకోవలసిందే.

ఒక్కరే ముందు వెళ్లడం

కుటుంబం ఉన్నవారికి నేను చెప్పేది ఇదే: ప్రొబేషన్ పూర్తయ్యేదాకా సామాను లారీ ఎక్కించవద్దు. హాస్టల్లోనో, స్నేహితుడి గదిలోనో ఉండి, జీతం చెప్పినట్టే పడుతోందా, పని చెప్పినదేనా, పై అధికారి ఎలాంటివాడు, రాత్రి షిఫ్టులు ఎన్ని అన్నది చూసుకోండి. ఆ నెలల్లో పెట్టిన ప్రతి రూపాయీ రాసిపెడితే, పైన మాదిరికి వేసిన అంకెల స్థానంలో మీ నిజమైన అంకెలు వస్తాయి. ఇక్కడి ఇల్లు అద్దెకు ఇవ్వడం, గేదెను అమ్మడం, పిల్లవాడి టీసీ తీసుకోవడం వంటి వెనక్కి తీసుకోలేని పనులన్నీ ఆ తరువాతే.

అయితే ఈ ఏర్పాటుకు ముందుగానే ఒక గడువు పెట్టుకుని ఇంట్లో చెప్పాలి. గడువు లేకుండా మొదలైన విడి కాపురాలు రెండేళ్లు, మూడేళ్లు సాగి, చివరకు అత్తగారి మందుల దగ్గర నుంచి పిల్లల హోంవర్కు దాకా అంతా ఒక్క ఆడమనిషి మీద పడటం మన ఊళ్లలో చూస్తూనే ఉన్నాం. భార్యను అడిగేటప్పుడు "నువ్వేమంటావు" అని కాకుండా, రాసిన లెక్కల కాగితం చేతికిచ్చి అడగండి. మీరు వదిలేసిన ఖర్చులు ఆమె రెండు నిమిషాల్లో పట్టుకుంటుంది.

సంతకానికి ముందు

ఉద్యోగం ఇప్పించడానికి డబ్బు అడిగే కన్సల్టెన్సీ ఏదైనా, ఎవరు సిఫారసు చేసినా, దూరంగా ఉండండి. బ్యాక్‌డోర్ పేరుతో లక్షలు తీసుకుని నకిలీ అనుభవ పత్రాలు చేతిలో పెట్టే వ్యాపారం నగరంలో ఉంది, పట్టుబడ్డప్పుడు పోయేది అభ్యర్థి ఉద్యోగమే. మెయిల్ కంపెనీ సొంత చిరునామా నుంచి వచ్చిందో లేదో చూడండి. బాండు ఉంటే ఎన్నేళ్లు, ఎంత సొమ్ము అన్నది చదవండి. అసలు సర్టిఫికెట్లు చూపించండి గానీ వదిలిరావద్దు. సంతకం చేసిన ఆఫర్ లెటర్ రాకముందు ఇక్కడి ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకండి. వచ్చాక మాత్రం నోటీసు కాలం పూర్తిచేసి, రిలీవింగ్ లెటర్ తీసుకుని, పాత పీఎఫ్‌ను డ్రా చేయకుండా అదే యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి) నంబరు కొత్త కంపెనీకి ఇవ్వండి.

చేరే తేదీ గురించి అడగడానికి మొహమాటపడకండి. కోతలు అయ్యాక వస్తానన్నా, పిల్లల పరీక్షలు అయ్యాక వస్తానన్నా, రెండు మూడు వారాల గడువు చాలా కంపెనీలు ఇస్తాయి. ఒప్పుకున్న తేదీని మాత్రం మెయిల్‌లో రాయించుకోండి. వెళ్లకూడదని తేలితే ఆ మాట కూడా చేరవలసిన తేదీకి బాగా ముందే, మర్యాదగా, రెండు వాక్యాల్లో రాసి పంపండి. ఫోను ఎత్తకుండా తప్పించుకుంటే, రెండేళ్ల తరువాత అదే సంస్థలో ఇంతకంటే మంచి ఖాళీ పడినప్పుడు దరఖాస్తు పెట్టుకునే ముఖం ఉండదు.